నిబంధన మారిన ప్రతిసారీ పాత యాడ్‌లన్నీ తిరగరాయాలా?

విజయవాడలో ఒక చిరుధాన్యాల ఆహార వ్యాపారానికి, ఒక చీరల దుకాణానికి, ఒక పోటీ పరీక్షల కోచింగ్ సెంటరుకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చూసుకుంటున్నానని మీరు రాశారు. రెండేళ్లుగా ఇబ్బంది లేకుండా నడిచిన పెయిడ్ పోస్టులు కొన్ని నెలలుగా ఒక్కొక్కటే రిజెక్ట్ అవుతున్నాయనీ, మొత్తం 140 దాకా ఉన్న పోస్టులన్నింటినీ తిరగరాయాలా, లేక రిజెక్ట్ అయినవాటిని అప్పటికప్పుడు సరిచేసుకుంటే సరిపోతుందా అనీ అడిగారు. కోచింగ్ సెంటరు పోస్టులు మాత్రం ఇంతవరకు ఒక్కటీ రిజెక్ట్ కాలేదు కనుక వాటి జోలికి వెళ్లనవసరం లేదని కూడా అన్నారు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్న అనుభవంతో చెబుతున్నాను, మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ఆ చివరి మాటే. దాని సంగతి కొంచెం ముందుకు వెళ్లాక వివరిస్తాను.

ముందుగా ఒక విషయం విడదీసి చూడాలి. మన రంగంలో ఏ యాడ్ ఆగినా "పాలసీ మారిందండీ" అని ఒకే మాట చెప్పేస్తాం. నిజానికి ఆ మాట వెనుక వేరు వేరు సంగతులుంటాయి. ప్లాట్‌ఫాం తన ప్రకటనల నిబంధనను నిజంగానే మార్చి ఉండవచ్చు. నిబంధన పాతదే అయినా దాన్ని అమలు చేసే యంత్రం, అంటే యాడ్‌లను తనంతట తానే పరిశీలించే సాఫ్ట్‌వేరు, ఇప్పుడు తెలుగును, బొమ్మల్లోని అక్షరాలను మునుపటికంటే బాగా చదువుతూ ఉండవచ్చు. లేదా అదే యంత్రం పొరబడి ఉండవచ్చు. వీటన్నింటికీ సంబంధం లేకుండా దేశ చట్టమో, వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలో మారి ఉండవచ్చు. అటువంటప్పుడు ప్లాట్‌ఫాం మీ యాడ్‌ను ఆపకుండా నడుపుతూనే ఉంటుంది, బాధ్యత మాత్రం మీ మీదా మీ వ్యాపారి మీదా పడుతుంది. యంత్రం పొరపాటైతే పునఃపరిశీలన కోరాలి, నిబంధన మారితే మాట మార్చాలి, చట్టం మారితే యాడ్ ఆమోదం పొందినా సరే ఆపివేయాలి. ఏది జరిగిందో తేల్చుకోకుండా పోస్టును ముట్టుకోవడం రోగం తెలియకుండా మందు వేయడం వంటిది.

ఇందులో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. 2023లో ఒక జుట్టు నూనె వ్యాపారికి యాడ్ పెట్టాను, రిజెక్ట్ అయింది. కారణం చదవకుండా ఒక పదం మార్చి మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. అలా రెండు రోజుల్లో ఏడుసార్లు పంపేసరికి యాడ్ అకౌంటు మీదే ఆంక్ష పడింది. దాన్ని విడిపించుకోవడానికి మూడు వారాలు పట్టింది, దసరా వ్యాపారమంతా ఆ మూడు వారాల్లోనే వెళ్లిపోయింది. రిజెక్ట్ నోటీసులో ఏ పాలసీ పేరు ఉందో చదవకుండా మళ్లీ "పబ్లిష్" నొక్కవద్దని మీకు గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఒకే తప్పును పదేపదే పంపితే అది నిబంధనలను ఉద్దేశపూర్వకంగా తప్పించుకునే ప్రయత్నంగా కనిపిస్తుంది.

ఇక మీ చిరుధాన్యాల పోస్టుకు వద్దాం. మీరు నమూనాగా ఇచ్చిన వాక్యాలివి: "మీకు షుగర్ ఉందా? అన్నం మానలేకపోతున్నారా? మా కొర్రల మిక్స్ 30 రోజులు తింటే షుగర్ కంట్రోల్‌లోకి వస్తుంది." రెండేళ్లు నడిచిన యాడ్ ఇప్పుడెందుకు ఆగిందని మీ సందేహం. ఇది అప్పట్లోనూ తప్పే, ఇప్పుడు దొరికింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మాతృసంస్థ మెటా ప్రకటనల నిబంధనల్లో వ్యక్తిగత లక్షణాలకు సంబంధించిన భాగం ఒకటుంది. చూసేవారి ఆరోగ్యం, మతం, వయస్సు, ఆర్థిక పరిస్థితి వంటివి మనకు తెలుసన్నట్టు వారిని ఉద్దేశించి రాయకూడదని దాని సారం. "మీకు షుగర్ ఉందా" అన్నది ఆ నిబంధనకు సూటిగా తగులుతుంది. వస్తువు గురించి చెప్పడానికి అభ్యంతరం లేదు, చూసేవారి ఒంటి గురించి మాట్లాడటానికే అభ్యంతరం.

మనవారు ఈ వాక్యానికి ఎందుకు అలవాటు పడ్డారో కూడా గమనించాలి. 2022 జనవరిలో మెటా ఆరోగ్యం, మతం, రాజకీయాలు, లైంగిక ధోరణి వంటి సున్నితమైన విషయాలకు సంబంధించిన టార్గెటింగ్ (యాడ్ ఎవరికి చూపాలో ఎంచుకునే) ఎంపికలను చాలావరకు తీసివేసింది. అంతకుముందు జనాన్ని ఎంచే పని సెట్టింగులు చేసేవి, తర్వాత ఆ భారమంతా పోస్టులోని మొదటి వాక్యం మీద పడింది. అందుకే ప్రతివారూ "మీకు ఇది ఉందా, మీకు అది ఉందా" అని మొదలుపెట్టసాగారు. ఒక నిబంధన మూసిన దారికి బదులు వెతుక్కుంటూ పోయి ఇంకో నిబంధనలో చిక్కుకోవడం ఇది.

ఇక మూడో వాక్యం మరింత బరువైనది. తినే పదార్థానికి జబ్బును తగ్గించే గుణం అంటగట్టి ప్రచారం చేయడానికి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనలు, క్లెయిముల నిబంధనలు ఒప్పుకోవు. ఆహార భద్రతా చట్టం 53వ సెక్షను ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. నూనెలు, చూర్ణాలు, కషాయాలు మందులుగా అమ్మేవారికైతే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. ఏ జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదో చెప్పే దాని పట్టికలో మధుమేహం పేరు స్పష్టంగా ఉంది. అంటే "30 రోజుల్లో కంట్రోల్" అన్న మాటను యంత్రం కంట పడకుండా మార్చి రాయడం పరిష్కారం కాదు, ఆ మాటే ఉండకూడదు. "షుగర్" అన్న పదాన్ని చుక్కలు పెట్టి విరిచి రాసేవారిని, బొమ్మలో వంకరగా పెట్టేవారిని చూశాను. దయచేసి ఆ దారి పట్టవద్దు.

అదే పోస్టును నేనైతే ఇలా రాస్తాను: "కొర్రలు, అండుకొర్రలు, సామలు సమపాళ్లలో కలిపిన మిక్స్. పాలిష్ పట్టలేదు. ఆరు గంటలు నానబెట్టి, కుక్కరులో మూడు విజిల్స్ రానిస్తే పలుకుగా అన్నం సిద్ధం. పప్పుచారుతోనూ, గోంగూర పచ్చడితోనూ బాగుంటుంది." ఇందులో చూసేవారి గురించి ఒక్క మాట కూడా లేదు. ప్రతి వాక్యాన్నీ మీ వ్యాపారి తన వంటగదిలోనే రుజువు చేయగలరు. షుగర్ ఉన్నవారు ఈ పోస్టును గుర్తుపట్టలేరని భయపడనవసరం లేదు. అన్నం తగ్గించమని డాక్టరు చెప్పిన ఇంట్లో కొర్రలన్న మాట చాలు, ఎవరికోసమో వారికే తెలుస్తుంది. "చక్కెర కలపలేదు" అని రాయాలనుకుంటే మాత్రం ముందు ప్యాకెట్టు వెనుక పదార్థాల జాబితా చూడండి. లడ్డూల్లోనో జావ పొడిలోనో బెల్లం పడి ఉంటే ఆ మాట వాడవద్దు.

ఇక్కడే చాలామంది మరిచిపోయేది కామెంట్లు. పోస్టు శుభ్రంగా ఉంటుంది. కింద ఎవరో "షుగర్ వాళ్లు తినొచ్చా?" అని అడుగుతారు, పేజీ తరఫున కుర్రవాడు "తినండి మేడమ్, నెలలో తగ్గిపోతుంది" అని జవాబిస్తాడు. ఆ జవాబు కూడా వ్యాపారి చెప్పిన మాటే అవుతుంది. "డాక్టరును అడిగి తీసుకోండి, పదార్థాల వివరాలు ఇవి" అన్న జవాబును ముందే రాసి పెట్టండి. కొనుగోలుదారు పంపిన "నాకు షుగర్ 300 నుంచి 110కి వచ్చింది" అన్న మెసేజిని స్క్రీన్‌షాట్ తీసి యాడ్‌గా నడపడం కూడా అదే కోవలోకి వస్తుంది. మాట వేరొకరిదైనా దానికి డబ్బు కట్టి నలుగురికీ చూపిస్తున్నది మీ వ్యాపారి కదా.

చీరల దుకాణం పోస్టుల సమస్యలు వేరు, తేలికైనవి కూడా. మీరు పంపిన మూడు రిజెక్ట్ నోటీసుల్లో ఒకటి సంగీతానిది. సినిమా పాట పెట్టి చేసిన రీల్‌ను మామూలుగా పోస్టు చేస్తే నడుస్తుంది, బూస్ట్ చేయబోతే, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించబోతే, ఆగిపోతుంది. ఆ పాటల లైసెన్సు వ్యక్తిగత వినియోగానికే గానీ వ్యాపార ప్రచారానికి కాదు. పెళ్లి పట్టుచీరల రీల్‌కు పాట లేకపోతే జనం ఆగరని మీ వ్యాపారి వాదిస్తారు, నాకు తెలుసు. మెటా సౌండ్ కలెక్షన్‌లో వీణ, సన్నాయి ఛాయలున్న బాణీలను వెతికి పెట్టుకోండి. లేదా ఊళ్లోని సన్నాయి కళాకారుడికి తగిన పారితోషికం ఇచ్చి ఐదు చిన్న బాణీలు రికార్డు చేయించుకుని, వాణిజ్య వినియోగానికి అనుమతిస్తున్నట్టు ఒక కాగితం రాయించుకోండి. నేను ఒక దుకాణానికి అలాగే చేయించాను. ఇప్పుడు ఆ బాణీ వినగానే ఆ దుకాణం గుర్తొస్తుందని కొనుగోలుదారులే అంటున్నారు.

రెండోది బ్లౌజు వెనుక భాగం డిజైను చూపే దగ్గరి ఫొటో. శరీర భాగం మీదే దృష్టి నిలిపే చిత్రంగా యంత్రం దాన్ని లెక్కించింది. ఇది యంత్రం అతి జాగ్రత్త అని నేనూ ఒప్పుకుంటాను, పునఃపరిశీలన కోరితే గెలిచే అవకాశమూ ఉంది. అయితే పండుగ ముందు రెండు రోజులు ఆగడం కంటే, ఆ బ్లౌజును హ్యాంగరుకు తగిలించో, మనిషి నిలువెత్తుగా కనిపించేలానో ఇంకో ఫొటో తీయడం సులువు. మూడో నోటీసుకు కారణం పోస్టులో లేనే లేదు, లింకులో ఉంది. యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీని కూడా పరిశీలిస్తారు. మీ యాడ్‌లో మంగళగిరి నేత చీర ఉంది, తెరుచుకున్న పేజీలో గత ఏడాది ఆషాఢం సేల్ బ్యానరు, అమ్ముడైపోయిన సరుకు ఉన్నాయి. పోస్టును పదిసార్లు మార్చినా అది ఆగుతూనే ఉండేది.

నిబంధనలు ఎప్పుడూ బిగుసుకుంటూనే పోతాయని కూడా అనుకోవద్దు. బొమ్మలో అక్షరాలు 20 శాతానికి మించితే యాడ్ జనానికి చేరదన్న పాత కట్టుబాటును ఫేస్‌బుక్ 2020లోనే ఎత్తివేసింది. అయినా ధరను బొమ్మ మీద వేయడానికి భయపడే డిజైనర్లు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. లేని నిబంధనకు కట్టుబడి ఉండటం వల్ల కూడా వ్యాపారికి నష్టమే.

ఇన్‌ఫ్లుయెన్సర్లతో చేసే కొలాబ్ (ఉమ్మడి ప్రచార) పోస్టుల గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగారు గానీ, చీరల దుకాణానికి అవే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కి, 2021 మే నెలలో మార్గదర్శకాలు ప్రకటించి అదే ఏడాది జూన్ 14 నుంచి అమలుకు పెట్టింది. తర్వాత 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని విడుదల చేసింది. డబ్బు ఇవ్వకపోయినా, చీర ఉచితంగా ఇచ్చినా అది వెల్లడించవలసిన సంబంధమే. "ఫ్రెండ్లీగా ఒక చీర పంపాం, యాడ్ కాదండీ" అన్న మాట నిలవదు.

వెల్లడి ఎలా ఉండాలన్నదే అసలు పని. క్యాప్షన్ చివర ముప్పై హ్యాష్‌ట్యాగుల మధ్య ఒక ఆంగ్ల పదం దూర్చితే చాలదు. "మరిన్ని" నొక్కకముందే, మొదటి రెండు లైన్లలోనే కనిపించాలి. తెలుగులో మాట్లాడే వీడియోకు తెలుగులోనే "ప్రకటన" అని వేయాలి, మనవారు ఇక్కడే ఎక్కువగా తప్పుతారు. ఆస్కి లెక్క ప్రకారం 15 సెకన్లు లేదా అంతకంటే చిన్న వీడియోలో ఆ మాట కనీసం 3 సెకన్లు నిలవాలి. 15 సెకన్లకు మించి 2 నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సేపు ఉండాలి. 2 నిమిషాలు దాటితే ఆ బ్రాండు గురించి చెప్పే భాగమంతా ఉండాలి. అంటే మీ 45 సెకన్ల రీల్‌లో "ప్రకటన" అన్న మాట 15 సెకన్లు తెర మీద ఉండాలన్నమాట. వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శిని ప్రకారం వీడియోలో అది అక్షరాల్లోనే కాక నోటితోనూ చెప్పాలి. ఇవికాక ఇన్‌స్టాగ్రామ్‌లో పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ పెట్టి దుకాణం అకౌంటును ట్యాగ్ చేయడం, యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడిలో టిక్ పెట్టడం ఆయా ప్లాట్‌ఫాంల నియమాలు. ఒకటి చేశాం కదా అని రెండోది వదలకుండా రెండూ చేయించడం నా పద్ధతి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చంటోంది. ప్రచారం చేసిన వ్యక్తిని ఏడాది పాటు, మళ్లీ తప్పితే మూడేళ్ల వరకు ఇతర ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించవచ్చు కూడా. ఈ సంగతి ఇన్‌ఫ్లుయెన్సరుకు మర్యాదగా చెప్పి చూడండి. లేబుల్ పెడితే వ్యూస్ తగ్గుతాయన్న వాదన అక్కడితో ఆగిపోతుంది.

ఇన్‌ఫ్లుయెన్సరును ఎంచుకునే ముందు వారి పాత పోస్టులు ఒకసారి చూడమని కూడా చెబుతాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద హైదరాబాద్‌లో సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆ ఆటల ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది. అటువంటి ప్రచారాలు ఇంకా పేజీలో ఉన్నవారి పక్కన మీ చీరల దుకాణం పేరు ఉండకపోవడమే మేలు.

ఇప్పుడు కోచింగ్ సెంటరు. ఒక్క పోస్టూ రిజెక్ట్ కాలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందని మీరు అనుకుంటున్నారు. ర్యాంకరు ఫొటో, పెద్ద అక్షరాల్లో ర్యాంకు, కింద ఇన్‌స్టిట్యూటు పేరు, పక్కన "కొద్ది సీట్లే మిగిలాయి" అన్న ఎర్ర పట్టీ. మీరు పంపిన ఆరు పోస్టుల్లో ఐదు ఇవే. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ రంగానికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం ఉత్తీర్ణుడైన అభ్యర్థి పేరు, ఫొటో వాడాలంటే ఫలితం వచ్చిన తర్వాత అతని నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. చేరేటప్పుడు అడ్మిషన్ ఫారంలో చిన్న అక్షరాల్లో పెట్టించుకున్న సంతకం పనికిరాదు. అతను ఏ కోర్సు చదివాడు, ఎంతకాలం చదివాడు, ఫీజు కట్టి చదివాడా అన్నది ఫొటోతో పాటే చెప్పాలి. ఆ వివరం, గొప్పగా చెప్పుకున్న మాట ఏ అక్షరాల్లో ఉందో అదే తీరులో కనబడాలి. నాలుగు రోజుల ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వచ్చిన అభ్యర్థిని మొత్తం కోర్సు చదివినవాడిలా చూపించడం ఈ రంగంలో పాత అలవాటు, ఈ మార్గదర్శకాలు ముఖ్యంగా దాన్ని ఆపడానికే వచ్చాయి. "సెలెక్షన్ గ్యారంటీ" అన్న హామీకీ, లేని సీట్ల కొరతను చూపి తొందరపెట్టడానికీ ఇవి అడ్డుకట్ట వేశాయి.

ప్లాట్‌ఫాం యంత్రానికి ఆ అభ్యర్థి అంగీకారపత్రం కనబడదు, అతను ఎన్ని రోజులు చదివాడో తెలియదు. కాబట్టి అది ఆమోదిస్తూనే ఉంటుంది. పొలాలమ్మి, బంగారం తాకట్టు పెట్టి పిల్లల్ని ఆ పోస్టు చూసి చేర్పించే తల్లిదండ్రులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. రిజెక్ట్ అయిన యాడ్ వల్ల మీ వ్యాపారికి రెండు రోజుల బేరం పోతుంది, రిజెక్ట్ కాని ఈ యాడ్ వల్ల ఒక కుటుంబానికి ఏళ్ల కష్టం పోవచ్చు. ఈ మాటను నేను మనసులోంచి చెబుతున్నాను.

కాబట్టి 140 పోస్టులను తిరగరాయకండి, రిజెక్ట్ అయ్యేదాకా ఆగకండి కూడా. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, ప్రతి పోస్టుకు ఒక వరుస ఇవ్వండి. అందులోని ముఖ్యమైన హామీ ఏమిటి, దానికి రుజువు కాగితం ఎక్కడుంది, ఫొటోలోని మనిషి అంగీకారం ఉందా, సంగీతం ఎక్కడిది, వెల్లడి మాట ఉందా, లింకు ఏ పేజీకి వెళుతుంది అన్నవి గడులు. రుజువు గడి ఖాళీగా ఉన్న పోస్టులు ఎన్నున్నాయో అప్పుడే తేలిపోతుంది, నా అనుభవంలో అవి మొత్తంలో నాలుగో వంతు దాటవు. రేపు కొత్త నిబంధన ఏదైనా వస్తే, ఆ గడిని బట్టి వడపోస్తే సంబంధించిన పదో పన్నెండో బయటకు వస్తాయి. నెలకొకసారి మెటా ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లోని ప్రకటనల నిబంధనలను, గూగుల్ ప్రకటనల పాలసీ మార్పుల పేజీని చదవడానికి ఒక పూట కేటాయించండి. మీ రంగంలోని ఇతరులు ఇప్పుడు ఏ మాటలతో నడుపుతున్నారో మెటా యాడ్ లైబ్రరీలో ఉచితంగా చూడవచ్చు, అయితే అక్కడ నడుస్తోంది కదా అని దాన్ని అనుమతిగా భావించవద్దు.

నడుస్తున్న యాడ్‌ను సరిచేసేటప్పుడు ఒక మెలకువ అవసరం. మాటో బొమ్మో మార్చిన వెంటనే అది తిరిగి పరిశీలనకు వెళుతుంది, లర్నింగ్ దశ, అంటే యాడ్‌ను ఎవరికి చూపితే మేలో వ్యవస్థ నేర్చుకునే దశ, మళ్లీ మొదలవుతుంది. ఆ దశ దాటడానికి వారానికి 50 దాకా ఫలితాలు కావాలని మెటాయే చెబుతుంది, చిన్న బడ్జెట్లకు అది సులభం కాదు. అందువల్ల మార్పులన్నీ ఒకేసారి చేయండి, రోజుకొకటి కాదు. బాగా నడుస్తున్న యాడ్‌కు ప్రతిరూపం తీసి, మాటలు అందులో మార్చి, అది ఆమోదం పొందాక పాతదాన్ని ఆపండి. అయితే పాతదానిలో ఉన్నది జబ్బు నయమవుతుందన్న హామీ అయినా, అంగీకారం లేని ఫొటో అయినా, కొత్తది సిద్ధమయ్యేదాకా కాచుకోకుండా ఈ రోజే ఆపివేయండి.

ఏ పోస్టులు ముందు సరిచేయాలో కూడా చెప్పమన్నారు కాబట్టి, నేనైతే కోచింగ్ పోస్టులతోనే మొదలుపెడతాను. యాజమాన్యంతో మాట్లాడి ఆ ఐదు ఫొటోల్లోని అభ్యర్థులకు ఫోన్ చేయించండి. అంగీకారపత్రం పంపినవారి పోస్టు కింద "ఆరు నెలల ప్రిలిమ్స్ కోర్సు, ఫీజు చెల్లించి చదివారు" అన్నట్టు ఒక లైను, ర్యాంకు వేసిన అక్షరాల తీరులోనే చేర్చండి. పంపనివారి ఫొటో తీసివేసి, ఆ స్థానంలో తరగతి గది ఫొటో, టైంటేబుల్, ఫీజు వివరాలు పెట్టండి. ఆ తర్వాత చిరుధాన్యాలు, చివరగా చీరలు. యాజమాన్యం ఒప్పుకోకపోతే మీరు చెప్పిన సంగతిని ఒక మెయిల్‌లో రాసి పంపి, ఆ పోస్టులను బూస్ట్ చేసే పని మాత్రం మీ చేతుల మీదుగా జరగనివ్వకండి.